అంధకబిలంలో తొలి నిప్పు

చంద్రవంక రాజ్యానికి రాజధాని ఇంద్రగోపపురం. ఎర్రరాతి ప్రాకారాలు, పగడపు రంగు గోపురాలు, తొలకరి జల్లుకు పచ్చికలో పాకే ఆరుద్ర పురుగుల్లా కొండవాలు పొడవునా ఎర్రగా మెరిసే మేడలు, ఆ మేడల గవాక్షాల నుంచి జాలువారే సంపెంగ తీగలు. దూరదేశపు వర్తకులు ఒంటెల మీంచి దిగడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయేవారు. అంతటి నగరాన్ని ఒక్క జడలవాడు బూడిదకుప్ప చేసి పెట్టాడు. వాడి పేరు ధూమ్రజటి.

వచ్చిన రోజున వాడికున్న ఆస్తి ఒక చిల్లుల కంబళి, ఒక పుర్రె, ఎంత వేసినా నిండని కడుపు. రాజు విశాలవర్మ తుమ్మడానికి కూడా ముహూర్తం అడిగే మనిషి. ఇద్దరికీ చక్కగా కుదిరింది. "మహారాజా, లోకంలో మంత్రమన్నది పుట్టిందే మా గురుపరంపరలో. సూర్యచంద్రులు పుట్టకముందు, నేలా నీరూ విడిపోకముందు, మా ఆదిగురువు అంధకసిద్ధుడు చీకటి చెవిలో మొదటి మంత్రం ఊదాడు. తక్కిన మతాలన్నీ దాని ఎంగిలి మెతుకులు," అని ధూమ్రజటి చెప్పాడు. సూర్యుడే లేనప్పుడు జరిగినదానికి సాక్షి ఎవరని అడగాలన్న తెలివి ఆ కొలువులో ఒక్క పండితుడికీ కలగలేదు. కలిగిన వాళ్లు భోజనం వేళయిందని ఊరుకున్నారు.

రాజగురువు పీఠం ఎక్కాక వాడు మొదట నేలతల్లి మీద పడ్డాడు. చంద్రవంకలో ప్రతి పొలంగట్టున నేలతల్లి పేరిట ఒక రాయి ఉంటుంది. ఆడవాళ్లు దానికి పసుపు రాసి, ఈనిన ఆవు తొలిపాలు పోసి, కడుపులో ఉన్న దుఃఖమంతా చెప్పుకుని ఇంటికి పోతారు. తాతల తాతలకు ముందు నుంచి ఉన్న అలవాటు. అది క్షుద్రపూజ అన్నాడు ధూమ్రజటి. పూజించే ఆడవాళ్లు మంత్రగత్తెలన్నాడు. గట్ల మీది రాళ్లను పెకలించి కోటకు తోలించాడు. వాటిలో అన్నిటికంటే పెద్దదానికి ఇనుప మీసాలు అతికించి, ధూమ్రనాథుడని పేరు పెట్టి, రాజుగారి చేత దానికే సాష్టాంగ నమస్కారం చేయించాడు. గట్టు మీద ఉంటే దయ్యం, గుడిలో మీసాలతో ఉంటే దేవుడు! ఆపైన మంత్రగత్తెల చితులు మొదలయ్యాయి. అప్పటి నుంచి ఆ నగరంలో ఎవరైనా గట్టిగా నవ్వడం ఎవరూ వినలేదు.

ఆ రోజు చితి మీదికి ఎక్కవలసింది మైలమ అనే పల్లెపడుచు. తన పొలంగట్టు మీది రాయిని కాలితో తన్నిన ధూమ్రజటి శిష్యుడి మొహాన, చేతిలో ఉన్న పేడముద్దను ఉన్నపాటున కొట్టింది. అదీ ఆమె చేసిన క్షుద్రప్రయోగం.

ఆమె అన్న కాచన పగటివేషగాడు. ఊరూరూ తిరుగుతూ ఒక పూట సన్యాసిగా, ఒక పూట తలారిగా, ఒక పూట గయ్యాళి అత్తగా వేషం కట్టి, జనాన్ని నమ్మించి, చివరికి వేషం విప్పి నవ్వించి బతికేవాడు. దొంగ సన్యాసులను చూసి చూసి, జడలున్న ప్రతివాడూ వాడి కంటికి సాటి వేషగాడిలాగే కనిపించేవాడు. ఒకటే తేడా, వాళ్లు సాయంత్రానికి వేషం విప్పరు. చెల్లెలి వార్త పొరుగుసీమ సంతలో వాడి చెవిన పడింది. పరుగుపరుగున వచ్చేసరికి కోట ముందు మైదానంలో చితి పేర్చి ఉంది. మైలమను స్తంభానికి కట్టేశారు.

సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. కాహళాలు మోగాయి. శిష్యుడు కాగడా ఎత్తాడు. అప్పుడే మైదానానికి తూర్పు వైపు జనం ఒక్కసారిగా చీలి దారి ఇచ్చారు.

ఆ దారిలో ఒక దున్నపోతు వస్తోంది. దాని మీద వెనుదిరిగి, తోక వైపు మొహం పెట్టి, ఒక ముసలి సిద్ధుడు కూర్చున్నాడు. మోకాళ్లు దాటిన జనపనార జడలు, బొడ్డు దాకా గడ్డం, మేకవెంట్రుకల కనుబొమల కింద మైనంతో మూసుకుపోయిన ఒక కన్ను, ఒళ్లంతా బూడిద. ఎడమకాలు బోదకాలు. గుమ్మడికాయంత లావున ఉన్న ఆ కాలిని దున్నపోతు వీపు మీద దర్జాగా చాచుకున్నాడు.

"ఒరే ధూమ్రా! ఇంకా బతికే ఉన్నావట్రా, నా బంగారు కొండా!"

ధూమ్రజటి ఉలిక్కిపడి పీఠం మీంచి లేచాడు. "ఎవడు నువ్వు?"

"ఎవడా? రోజూ పొద్దున్నే నా పేరు చెప్పుకుని నేతిగారెలు మింగుతావే, నన్నే ఎవడంటావా? అంధకసిద్ధుణ్ణిరా! చీకటి చెవిలో మంత్రం ఊదినవాణ్ణి. ఊది ఊది దవడలు నొప్పెట్టి కాస్త కునుకు తీశాను. లేచి చూస్తే సూర్యుడంటారు, చంద్రుడంటారు, రాజులంటారు. ఇవన్నీ ఎప్పుడు పుట్టాయిరా, నాకు చెప్పకుండా?"

విశాలవర్మ సింహాసనం మీంచి దొర్లినట్టు దిగి దున్నపోతు కాళ్ల ముందు సాగిలపడ్డాడు. రాజు పడ్డాక మంత్రులు పడ్డారు, మంత్రులు పడ్డాక సేనానులు పడ్డారు. నిలబడింది ధూమ్రజటి ఒక్కడే. వాడి మొహంలో రంగులు మారడం దున్నపోతు మీది కాచన మెడ తిప్పి తన ఒంటికన్నుతో హాయిగా చూశాడు. ఆదిగురువు అబద్ధమంటే తన పరంపరే అబద్ధమని ఒప్పుకోవాలి. నిజమంటే ఈ బోదకాలుకు మొక్కాలి. వాడు పళ్లు కొరుక్కుని దగ్గరికి వచ్చి మొక్కాడు.

"ధన్యుణ్ణి గురుదేవా. కానీ సభవారి సందేహం తీరాలి కదా. ఆ మొదటి మంత్రం ఒక్కసారి సెలవివ్వండి."

"నేను చెబితే ఏముందిరా, నా మంత్రం నాకు రాదా? నువ్వు చెప్పు. నేర్పించింది గుర్తుందో లేదో మహారాజు కూడా చూస్తాడు."

"ధ్రాం... ధ్రీం..."

కాచన చేతిలోని యోగదండం వాడి నెత్తిన ఠంగుమంది. "తప్పు!"

"ధ్రీం ధ్రాం ధ్రూం..."

"అదీ తప్పే! యుగాల తరబడి నేర్పిన చదువు గారెల్లో కలిపి మింగేశావట్రా?"

చితి దగ్గర కాపలా ఉన్న సైనికుడొకడు డాలు వెనక మొహం దాచుకున్నాడు. జనంలో ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. ఆ నవ్వు పక్కవాళ్లకు అంటుకుంది, అక్కడి నుంచి చప్పట్లతో మైదానమంతా పాకింది. కాచనకు ఒళ్లు పులకరించింది. జనం నవ్వితే ఆగలేకపోవడం వేషగాళ్ల రోగం. ఆగవలసిన చోట ఆగకుండా మూడో దెబ్బ కూడా వేశాడు. ఆ దెబ్బకు ధూమ్రజటి కళ్లలో సిగ్గు ఆరిపోయి, దాని స్థానంలో మరొకటి వెలిగింది.

"ఇక చాలు," అన్నాడు కాచన హుందాగా. "ఈ పిల్లను నాకు ఇచ్చేయండి. నా బిలంలో బలి ఇచ్చుకుంటాను. కట్టెల మీద కాల్చడం నా సంప్రదాయం కాదు, వంటవాళ్ల సంప్రదాయం."

"అలాగే గురుదేవా!" ధూమ్రజటి చేతులు జోడించాడు. వాడి గొంతులో తేనె కారుతోంది. "తమరి బిలం ఎంతో దూరం లేదు. ఊరికి ఉత్తరాన అంధకబిలం ఉంది. తమరు వెలిగించిన తొలి నిప్పు అందులోనే ఉందని తమరే నా కలలో చెప్పారు. ఎంతోమందిని లోపలికి పంపాను. పాపాత్ములు, ఒక్కరూ తిరిగి రాలేదు. ఇవాళ తమరే వెళ్లి ఆ నిప్పు తెచ్చి మహారాజుకు అనుగ్రహించాలి. వృద్ధులు, దారి తప్పకూడదు కదా. తమరి పాదానికి ఈ శిష్యుడు ఒక గొలుసు కట్టుకుంటాడు."

రాజు ఆనందంతో చప్పట్లు చరిచాడు.

*

ఉత్తరపు కొండ అడుగున అంధకబిలం నోరు తెరుచుకుని ఉంది. దాని పైపెదవి మీద నల్లని నాచు, కింది పెదవి మీద ఎండి తెల్లబడిన ఎముకలు. లోపలి నుంచి వచ్చే గాలి పాత గుడ్డలా, తడి మట్టిలా, దానికి అడుగున ఎక్కడో కాలిన నేతిలా వాసన వేస్తోంది. రాజు, కొలువు, సైన్యం గుహకు దూరంగా నిలబడ్డారు. ధూమ్రజటి ఇంకా దూరంగా నిలబడ్డాడు. కమ్మరి వచ్చి బోదకాలికి ఇనుపకడియం బిగించి, దానికి తగిలించిన గొలుసు కొసను మల్లుల చేతికిచ్చాడు.

కాగడా పట్టుకుని అన్నాచెల్లెళ్లు లోపలికి నడిచారు. వెలుతురు వెనకబడగానే మైలమ మోచేత్తో అన్న డొక్కలో పొడిచింది.

"ఇదేనా నీ ఉపాయం?"

"చితి కంటే చల్లగా ఉంది కదే."

"ఆ మూడో దెబ్బ ఎందుకు కొట్టావు? రెండు చాలవూ?"

"చప్పట్లు కొట్టారే..."

"కొడతారు. మనం చచ్చినా కొడతారు," అంది మైలమ. అంతలో కాలికింది రాయి జారింది.

ఇద్దరూ పల్లంలోకి దొర్లిపోయారు. కాగడా ఎగిరిపడింది. ఆ వెలుగుకు గుహ పైకప్పంతా కదిలింది. పైకప్పు అనుకున్నది కప్పు కాదు, రెక్కలు ముడుచుకుని వేలాడుతున్న గబ్బిలాల దండు. అవి ఒక్కసారిగా లేచి నల్లటి సుడిగాలిలా చుట్టుముట్టాయి. కాచన జనపనార జడలను మొహం చుట్టూ కప్పుకుని, చెల్లెలిని పొట్ట కిందికి లాక్కుని నేలకు కరుచుకుపోయాడు. దండు బిలం నోటి వైపు దూసుకుపోయింది. బయట ఏనుగులు ఘీంకరించాయి. రాజుగారి కేక ఒకటి సన్నగా లోపలికి వినిపించింది.

లేచి నిలబడే వ్యవధి కూడా దొరకలేదు. పక్కనున్న బండ మెల్లగా ఊపిరి పీల్చింది. మైలమ అన్న నోరు గట్టిగా మూసింది. బండ కాదు అది. వెలుతురు ఎన్నడూ ఎరగక తెల్లగా పాలిపోయిన కొండచిలువ, తాటిమాను లావున్నది. దానికి కళ్లు లేవు. నాలుక చాచి గాలిని తడుముతూ, నేల మీద పాకుతున్న గొలుసు చప్పుడు వైపు తల తిప్పింది. కాచన కదిలితే గొలుసు మోగుతుంది, మోగితే అది వస్తుంది.

కాచన ఊపిరి బిగబట్టి కాలి మీదికి వంగాడు. బోదకాలు పైన పూసిన బంకమట్టిని గోళ్లతో పగలగొట్టాడు. లోపల చుట్టిన గుడ్డపేలికలను ఒక్కొక్కటిగా లాగేశాడు. గుమ్మడికాయంత కాలు కరిగి కరిగి మామూలు కాలయింది. వదులైన కడియం జారిపోయింది. అదే సమయానికి చిలువ వచ్చి గొలుసును చుట్టేసింది. ఇనుమును ఎముకలనుకుని బలమంతా పెట్టి బిగించింది. బయట మల్లుల చేతుల్లో గొలుసు ఝల్లుమంది.

"గురువుగారు లాగుతున్నారు! నిప్పు దొరికింది! లాగండి!" అని ధూమ్రజటి కేక వినిపించింది.

"లాగరా నాయనా, లాగు," అని కాచన లోపల గొణిగాడు.

తెల్లటి చిలువ చుట్టలు విప్పకుండానే రాళ్ల మీద గరగరా జారుతూ వెలుతురు వైపు వెళ్లిపోయింది. కొద్దిసేపటికి బయట లేచిన ఆర్తనాదాలు విని మైలమ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోలేక ఆమె కళ్లవెంట నీళ్లు వచ్చాయి. "నీ శిష్యుడు గురువును గుర్తుపట్టి ఉంటాడా?" అంది.

"కౌగిలించుకుని ఉంటాడు," అన్నాడు కాచన.

కాగడా ఆరిపోయింది. అయినా చీకటి పూర్తిగా కమ్మలేదు. లోపలి మలుపులో ఎర్రటి వెలుగొకటి గోడల మీద ఆడుతోంది. ఇద్దరూ దాని వైపు నడిచారు.

*

ఇద్దరూ ఆ మలుపు తిరిగారు.

గుహ అక్కడ సభామంటపమంత విశాలమైంది. గోడలనిండా జేగురుమట్టితో వేసిన బొమ్మలు. పరుగెత్తే దుప్పులు, కొమ్ములు వంచిన అడవిదున్నలు, బల్లేలు ఎత్తిన పుల్లల్లాంటి మనుషులు, వాళ్ల నడుమ పెద్ద కడుపుతో కూర్చున్న ఒక స్త్రీ. కింద నుంచి కప్పు దాకా అరచేతుల ముద్రలు, పెద్దవి, చిన్నవి, వేళ్లు తెగినవి, పాలుతాగే పిల్లలవి. వెలుగు కదిలినప్పుడల్లా ఆ చేతులన్నీ ఊగుతున్నట్టు కనిపించాయి. మధ్యన ఒక గుంటలో నిప్పు మండుతోంది. దాని పక్కన గొర్రెతోలు కప్పుకుని, ఎండిన అల్లంకొమ్ములా ఉన్న ఒక అవ్వ చిలగడదుంప కాల్చుకుంటోంది.

"వచ్చినారా," అందామె తలెత్తకుండా. "ఇద్దరేనా? పోయినసారి వచ్చినోళ్లు నలుగురు. నన్ను చూసి దయ్యమని అరుసుకుంటా పాముకు ఎదురు పోయినారు. నీ గడ్డం ఏందిరా, ఒక పక్క ఊడతా ఉండాది?"

కాచన చేయి గబుక్కున గడ్డం మీదికి పోయింది. వచ్చిన పని గుర్తుకు తెచ్చుకుని గొంతు సవరించాడు. "ముసలీ! నేను ఎవరో తెలుసా? అంధకసిద్ధుణ్ణి. చీకటి చెవిలో..."

అవ్వ పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు దుంప నిప్పుల్లో పడిపోయింది. "చీకటికి చెవులు యాడుండాయిరా సచ్చినోడా?"

మైలమ ముందుకు వచ్చి అవ్వ ఎదుట కూర్చుంది. "వీడు మా అన్న కాచన. నా పేరు మైలమ. ధూమ్రజటి అనేవాడు మమ్మల్ని ఇందులోకి తోశాడు. మంత్రం మొదట పుట్టింది ఇక్కడే అంటాడు. నిజమేనా అవ్వా?"

"నిజమే. కానీ వాడు చెప్పినట్టు కాదు." అవ్వ పక్కనున్న ఎండు సొరబుర్రలోంచి చిటికెడు పొడి తీసి నిప్పులో వేసింది. మంట నీలంగా లేచి, కప్పు దాకా పెరిగి, సన్నటి తెరలా పరుచుకుంది. ఆ తెరలో మనుషులు కదిలారు. తోళ్లు కట్టుకున్న, ఒళ్లంతా గాయాలున్న, వానలో తడిసి ఇదే గుహలో ఒకరినొకరు కరుచుకుని వణుకుతున్న మనుషులు. వాకిట్లో పులి నిలబడి ఉంది. మూలన ఒక తల్లి, ఏడుస్తున్న బిడ్డను గుండెకు హత్తుకుని ఏదో కూనిరాగం తీస్తోంది.

"సూడండి. బిడ్డ ఊరుకుంది. పులి కూడా పోయింది," అంది అవ్వ. "ఎందుకు పోయింది?"

"రాగం విని," అన్నాడు కాచన.

"అప్పుడే కడుపు నిండా తినుండాది గాబట్టి పోయింది! కానీ ఈ ఎర్రిమొహాలు నీ మాదిరే అనుకున్యారు. మళ్లా పులి వచ్చినప్పుడు ఆయమ్మను పిలిచి పాడమన్యారు. పాడింది. ఈ తూరి దానికి ఆకలి. ఒకణ్ణి ఈడ్చుకుపోయింది. అప్పుడేమన్యారో తెలుసునా? పాటతో పులి పోదని అన్లేదు. పాటలో తప్పు దొర్లిందన్యారు. అదిగో, ఆ పొద్దు పుట్టింది మంత్రం."

నీలిమంటలో ఇంకొకడు కనిపించాడు. బొజ్జ ముందుకు పొడుచుకువచ్చిన మగవాడు. చేతిలో బల్లెం లేదు.

"ఈడు ఏటకు పోడు. కాలు నొప్పంటాడు. ఆయమ్మ సచ్చిపోయినాక ముందుకొచ్చినాడు. తప్పు లేకుండా పాడేది నాకొక్కడికే తెలుసు, మీరు తెచ్చిన ఏటలో కార్జం నాకు పెట్టండన్యాడు. పెట్టినారు. మీ గురువులకందరికీ గురువు ఈడే. ఊరికొక పేరు పెట్టుకున్యాడు, జడలు పెంచినాడు, కార్జం మాత్రం మారలా."

కాచన తొడ చరుచుకుని నవ్వాడు. "నేను ఇన్నాళ్లూ అనుకున్నదే! అంతా దొంగవేషం. రాళ్లకు పసుపులూ పాలూ, అదీ దొంగవేషమే."

"నోరు ముయ్యి," అంది అవ్వ. ఆ మాట మెత్తగానే వచ్చింది గానీ కాచన నవ్వు ఆపాడు. మంటలో ఆ తల్లిని పూడ్చిపెడుతున్నారు. పూడ్చిన చోట ఒక రాయి నిలబెట్టారు. ఒక పిల్ల వచ్చి దాని మీద పాలు పోసి, చెంప ఆనించి నిలబడింది. "ఆ రాయి ఎవురికీ ఏమీ సెయ్యలా, ఎవుర్నీ ఏమీ అడగలా. దాని కాడ ఏడ్సుకున్నోళ్లు ఏడ్సుకున్యారు. ఏడ్సేదానికి చోటు పెట్టుకుండేది ఒకటి, ఆ ఏడుపును అమ్ముకునేది ఒకటి. రెంటినీ కలిపి నవ్వొద్దు."

మైలమ తలవంచుకుని కళ్లు తుడుచుకుంది.

"మరి ఈ నిప్పును ఇన్ని తరాలుగా ఎందుకు ఆరకుండా కాస్తున్నారు అవ్వా? ఇందులో ఏ శక్తి ఉంది?" అంది మైలమ చివరికి.

"చలికి," అంది అవ్వ.

ఆ మాట పూర్తి కాకుండానే ఘాటైన పొగ గుహలోకి చొచ్చుకొచ్చింది. కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. ధూమ్రజటి చిలువ కౌగిలి నుంచి బతికి బయటపడ్డాడు. బిలం నోటికి ఎండుగడ్డి మోపులు, వాటి మీద మిరపకాయల బస్తాలు వేసి అంటించాడు. "ఆ గురువు మాయలవాడు! లోపలే చావాలి! నిప్పును తర్వాత నేనే తీసుకుంటాను!" అన్న అరుపు పొగ వెంట లోపలికి వచ్చింది.

అవ్వ లేచింది. కూర్చున్నప్పుడు ఎండిన అల్లంలా ఉన్న మనిషి, నిలబడితే కాచన కంటే జానెడు పొడుగు. ఒక మట్టికుండలో బూడిద పోసి, దానిలో నిప్పుకణికలు పెట్టి మైలమ చేతికిచ్చింది. "మీరు పోగానే ఈ గుంటలో నీళ్లు పోస్తా, ఆడు ఇక్కడికొస్తే ఆ నీళ్లే సూస్తాడు. పట్టుకో. బతికిన చోట దీంతో పొయ్యి ఎలిగించు." గోడ పక్క బండను భుజంతో నెట్టింది. దాని వెనక నల్లటి ఏరు గుడగుడమంటోంది. ఒడ్డున ఒక తోలుపుట్టి, గుండ్రటి చిన్న పడవ, బోర్లించి ఉంది.

"నువ్వూ రా అవ్వా!"

"ఆ పుట్టిలో ముగ్గురు పట్టరు. పొగ నాకేం కొత్తరా, దాంట్లోనే పుట్టినా. పోండి!"

ఆమె ఒక్క తోపు తోసింది. పుట్టి గిర్రున తిరుగుతూ చీకట్లోకి దూసుకుపోయింది. ఎటు పోతున్నారో తెలియదు, పైన కప్పు ఎంత ఎత్తుందో తెలియదు. ఒకచోట బండలు తల మీదికి వంగితే ఇద్దరూ పుట్టి అడుగున పడుకున్నారు. మరోచోట ఏరు రెండుగా చీలింది. పుట్టి నడుమనున్న రాయికి కొట్టుకుని, ఎటు పోవాలో తేల్చుకోలేక క్షణంసేపు ఊగిసలాడి, ఎడమ పాయలోకి జారింది. మైలమ నిప్పుకుండను ఒడిలో దాచుకుని వంగిపోయింది. కాచన రెండు చేతులతో నీళ్లు తోడి పారబోస్తూ తనకు తెలిసిన దేవుళ్లందరినీ తిట్టాడు. ఎదురుగా తెల్లటి చుక్క ఒకటి కనిపించింది. చుక్క గుండ్రమైంది, గుండ్రం ద్వారమైంది, ద్వారం గర్జించింది. పుట్టి గాలిలోకి ఎగిరింది. ఎండ, ఆకాశం, నురగ ఒక్కసారిగా మీద పడ్డాయి. మైలమ కుండను తలపైకి ఎత్తిపట్టింది. జలపాతం వాళ్లను కింద మడుగులోకి విసిరికొట్టింది.

*

ఒడ్డుకు పాకి, దగ్గి, నీళ్లు కక్కి తలెత్తేసరికి ఎదురుగా ఒక పల్లె మొత్తం నిలబడి ఉంది.

అది కొండకు అవతలి వైపు, శంఖసీమలోని గొల్లపల్లె. మడుగు దగ్గర గొర్రెలు కడుగుతున్న మనుషులు చేతుల్లో పనులు వదిలేసి గుడ్లప్పగించి చూస్తున్నారు. వాళ్లు చూసింది ఇది: కొండ పొట్ట పగిలి ఒక జడలమనిషి, ఒక ఆడమనిషి బయటపడ్డారు. అంత నీటిలో దూకి వచ్చినా ఆమె ఎత్తిపట్టిన కుండలో నిప్పు ఆరలేదు.

ఒక ముసలామె ముందుగా పడిపోయింది. ఆమె వెనక అందరూ పడిపోయారు. కొందరు పాక్కుంటూ వచ్చి మైలమ చీర కొంగులోంచి కారుతున్న నీటిని దోసిళ్లు పట్టి తీర్థమని తాగారు.

"అయ్యో, తాగకండి! అది మురికి నీళ్లు!" అని మైలమ వెనక్కి జరిగింది.

"కొండదేవత పలికింది!" అన్నారు వాళ్లు.

పల్లె పెద్ద పేరు బీరప్ప. తలపాగా తీసి చేత పట్టుకుని వణుకుతూ వచ్చాడు. "స్వామీ, నిన్ను ఏ పేరుతో కొలుచుకోమంటావు?"

కాచనకు పిచ్చికోపం వచ్చింది. "కొలవడమేంటయ్యా? మనుషులం మేము! నేను పగటివేషగాణ్ణి. ఇదిగో చూడండి, ఇదంతా వేషం!" అంటూ గడ్డాన్ని పట్టుకుని ఒక్క లాగు లాగాడు. గడ్డం ఊడి చేతిలోకి వచ్చింది. జడలు లాగిపారేశాడు. మైనం ఊడబీకి మూసిన కన్ను తెరిచాడు.

పల్లె అంతా ఊపిరి బిగబట్టింది. తర్వాత ఒక్క గొంతుతో కేక వేసింది. "స్వామి ముసలిరూపం వదిలి పడుచురూపం ఎత్తాడు!" ఊడిన గడ్డం కోసం ఇద్దరు కొట్టుకున్నారు. దక్కించుకున్నవాడు దాన్ని కళ్లకద్దుకుని తలపాగాలో చుట్టుకున్నాడు.

కాచన చెల్లెలి వైపు చూశాడు. ఆమె మాత్రం వాడిని చూడడం లేదు. కొండ మలుపు వైపు చూస్తోంది. అక్కడ ధూళి లేచింది. ఇంద్రగోపపురపు ఎర్రకోట గుర్రాలు. అన్నిటికంటే ముందు గుర్రం మీద, మెడకు పసరు కట్టు కట్టుకుని, జడలు ఎగురుతుండగా ధూమ్రజటి. ఏరు ఎక్కడ బయటపడుతుందో వాడికి ఎవరో చెప్పినట్టుంది.

"స్వామీ, ఆ వచ్చేది ఎవరు?" అన్నాడు బీరప్ప.

"మా కోసం వస్తున్నారు. చంపడానికి," అంది మైలమ. "మీరు ఇళ్లలోకి పోయి తలుపులు వేసుకోండి. మీకు దండం పెడతాను, పోండి."

ఎవరూ కదలలేదు. బీరప్ప తలపాగా చుట్టుకున్నాడు. "మనుషుల కోసమైతే ఎర్రకోటతో మాకెందుకు తల్లీ తగువు? మా ఇంటికి వచ్చిన దేవుళ్లను మాత్రం చంపనియ్యం," అని వెనక్కి తిరిగి సైగ చేశాడు. గొల్లలు గొర్రెలను పక్కకు తోలి, గొర్రెలు కాచే కర్రలు పట్టుకుని బాటకు అడ్డంగా బారులు తీరారు. ముసలివాళ్లూ వచ్చారు. చంకలో బిడ్డ ఉన్న ఆడది రాయి ఒకటి ఏరుకుంది. అటు నుంచి బల్లేలు ఎండలో తళతళలాడుతూ దిగుతున్నాయి.

కాచన జీవితంలో ఎన్నో ఊళ్లను నమ్మించాడు. వేషం విప్పగానే వాళ్లు నవ్వారు, ఇంటికి పోయి అన్నం తిన్నారు. ఈ ఊరు నవ్వలేదు. కాసేపట్లో ఈ కర్రలు ఆ బల్లేలకు తగిలి విరుగుతాయి. వాళ్లు చచ్చేది జనపనార కోసం, మేకవెంట్రుకల కోసం.

"వీళ్లకు చెప్పి లాభం లేదు," అంది మైలమ, నిప్పుకుండను నేల మీద పెడుతూ. "ఏం చేద్దామన్నా?"

ధూమ్రజటి చేయెత్తాడు. బల్లేలు వంగాయి. గుర్రాలు దౌడు అందుకున్నాయి.

కాచన బారులను తోసుకుంటూ అందరికంటే ముందుకు నడిచాడు. బీరప్ప పక్కన ఆగి చేయి చాచాడు.

"ఆ కర్ర ఇటివ్వు," అన్నాడు.